‘ద మార్షియన్’ సినిమా చూశాక నవల చదవాల్సిన పని ఉందా?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: “‘ద మార్షియన్’ సినిమా చూశాను, చాలా నచ్చింది. మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద నవల పాత ప్రతి కనబడితే కొన్నాను. ఇంగ్లీషు చదవడం నాకు నిదానం. కథ ఎలాగూ తెలిసిపోయింది కదా, చదివితే కొత్తగా ఏం వస్తుంది? సినిమాలో సైన్సు తప్పులున్నాయనీ నవలలో లేవనీ స్నేహితులు అంటున్నారు, నిజమేనా? నిడివి పెంచిన సినిమా ప్రతి ఒకటి ఉందట, అది చూస్తే చాలదా?”

చదవండి. కథ తెలిసిపోయిందని మీరు అనుకుంటున్నారు గానీ, నవల చివరి భాగంలో జరిగేవాటిలో చాలా వరకు మీరు చూసిన సినిమాలో లేనే లేవు. నాలుగు సీన్లు కోసేశారులే అని సరిపెట్టుకునే తేడా కాదది. ఒక్క సంఘటనను తీసెయ్యడంతో కథానాయకుడు పడే కష్టం స్వభావమే మారిపోయింది. ఆ సంఘటన దగ్గరికి కాసేపట్లో వస్తాను. మలుపులన్నీ బయటపెట్టక తప్పదు కాబట్టి, సినిమా కూడా చూడనివారు ఎవరైనా ఇది చదువుతుంటే ఇక్కడే ఆగిపోవడం మంచిది.

నా మొగ్గు ఎటో కూడా చెప్పాలి. హైదరాబాద్‌లో డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఈ నవలలోని లెక్కలు బోర్డు మీద రాసి పిల్లల చేత చేయించేవాణ్ణి. మరోవైపు ఫిల్మ్ క్లబ్బుల్లో సినిమాలు చూసి అర్ధరాత్రి దాకా వాదించుకునే వ్యసనమూ ఉంది. మొదటిది నన్ను పుస్తకం వైపు లాగుతుంది, రెండోది తెర వైపు.

నవల పుట్టిన తీరు ముందు తెలుసుకోవాలి. రచయిత ఆండీ వీర్ అప్పట్లో వృత్తిరీత్యా కంప్యూటర్ ప్రోగ్రామర్. ఒక్కో అధ్యాయమే రాసి తన సొంత వెబ్‌సైటులో ఉచితంగా పెడుతూ వచ్చాడు. చదివేవాళ్లలో సైన్సు తెలిసినవాళ్లు బోలెడుమంది. లెక్క ఎక్కడైనా తప్పితే వెంటనే రాసి పంపేవాళ్లు, ఆయన దిద్దుకునేవాడు. పాఠకులు అడగడంతో 2011లో కిండిల్‌లో ఈ-పుస్తకంగా 99 సెంట్ల ధరకు పెట్టాడు. 2014లో క్రౌన్ సంస్థ దాన్ని అచ్చు పుస్తకంగా తెచ్చింది. 2015 అక్టోబరుకల్లా రిడ్లీ స్కాట్ సినిమా థియేటర్లలో ఉంది.

అంటే ఇది పుట్టుకతో సీరియల్. వారపత్రికల కోసం గుమ్మం దగ్గర ఎదురుచూసిన తరం వాళ్లకు దీని నడక రెండో అధ్యాయానికే పట్టుబడుతుంది. ఒక గండం వస్తుంది, దాన్ని గట్టెక్కే ఉపాయం దొరుకుతుంది, ఆ ఉపాయం కడుపులోంచే ఇంకో గండం పుడుతుంది, అధ్యాయం అక్కడ ఆగుతుంది. ఈ పద్ధతిలో సుఖం ఎంతో, విసుగూ అంతే. నవల నడుమ భాగంలో ‘మళ్లీనా’ అనిపించే చోట్లున్నాయని ముందే చెబుతున్నాను. స్క్రీన్‌ప్లే రాసిన డ్రూ గొడార్డ్ చేతిలో ఉన్నది 141 నిమిషాలు. అన్ని గండాలూ అందులో పట్టవు. ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అన్న ఎంపిక దగ్గరే రెండింటికీ దారులు వేరయ్యాయి.

ఉంచుకున్నవాటిలోనూ తేడా ఎలా వచ్చిందో చూడటానికి నీళ్ల సంగతి తీసుకుందాం. అంగారకుడి మీద దిగిన ఆరుగురు వ్యోమగాములు, తుపాను, చనిపోయాడనుకుని అక్కడే వదిలేసిన కథానాయకుడు వాట్నీ, ఇదంతా మీకు గుర్తుండే ఉంటుంది. తిండి పొదుపుగా వాడినా నాలుగు వందల సోల్‌లకు మించి రాదు (సోల్ అంటే అంగారకుడి మీద ఒక రోజు, మన రోజు కన్నా దాదాపు నలభై నిమిషాలు ఎక్కువ). తరవాతి బృందం దిగేది నాలుగేళ్లకు, అదీ 3,200 కిలోమీటర్ల దూరంలో. కాబట్టి పండుగ భోజనం కోసం పంపిన పచ్చి బంగాళదుంపలను విత్తనంగా వాడి పంట వెయ్యాలి. పంటకు నీళ్లు కావాలి. ఘనమీటరు మట్టికి నలభై లీటర్లు. ఆ నీళ్లను రాకెట్ ఇంధనమైన హైడ్రాజీన్ నుంచి తియ్యాలి.

సినిమాలో ఇది చాలా చకచకా అయిపోతుంది. ఇరిడియం అనే లోహం మీదుగా హైడ్రాజీన్‌ను పంపితే నత్రజనిగా, హైడ్రోజన్‌గా విడిపోతుంది, ఆ హైడ్రోజన్‌ను కాలిస్తే నీరు వస్తుంది అని వాట్నీ కెమెరాకు చెబుతాడు. ఢామ్మని పేలి వెనక్కి ఎగిరిపడతాడు. తను వదిలిన ఊపిరిలోని ఆక్సిజన్‌ను లెక్కలో వేసుకోలేదని ఒక్క ముక్కలో చెబుతాడు. థియేటర్లో అందరం నవ్వాం. కాసేపటికి గోడల మీద తేమ, మట్టిలో మొలక.

నవలలో ఆ ఒక్క ముక్క వెనక చాలా కథ ఉంది. నీళ్లు వస్తూనే ఉంటాయి గానీ రావలసినంత రావు. ఎందుకు రావడం లేదో లెక్క వేస్తే తేలుతుంది: కాలకుండా మిగిలిన హైడ్రోజన్ అంతా అతను ఉంటున్న గుడారంలోనే పోగవుతోంది. అంటే అతను బాంబు లోపల నిద్రపోతున్నాడు. ఎక్కడైనా చిన్న నిప్పురవ్వ లేస్తే అంతే సంగతులు. అప్పుడతను తలకిందుల ఆలోచన చేస్తాడు. హైడ్రోజన్‌ను బయటికి పంపలేడు కాబట్టి గుడారంలో ఆక్సిజన్‌నే తీసేస్తాడు. ఆక్సిజన్ లేకుంటే ఏదీ మండదు కదా. ఇక తను ముసుగు పెట్టుకుని ఊపిరి పీలుస్తూ, కొద్దికొద్దిగా ఆక్సిజన్ వదిలి, ఆ వదిలినంత మేరకే హైడ్రోజన్‌ను కాలుస్తాడు. పద్ధతి భేషుగ్గా ఉంది. అయితే మనం పీల్చిన ఆక్సిజన్‌లో ఊపిరితిత్తులు వాడుకునేది కొంతే, మిగతాది బయటికే వస్తుంది. ముసుగు పక్క నుంచి ఆ ఆక్సిజన్ గుడారంలోకి చేరుతూ పోయింది. పేలుడు అందుకు.

చూడండి, సినిమాలో అది పొరపాటు మాత్రమే. నవలలో అది మహా జాగ్రత్తగా వేసిన ఎత్తులో ఒకే ఒక్క కన్నం. ఆ కన్నం ఎక్కడుందో వెతికే పని మనదీ అవుతుంది. ఈ నవల ఇచ్చే ఆనందమంతా అందులోనే ఉంది. వాట్నీ లెక్క వేస్తుంటే పక్కన కూర్చుని మనమూ వేస్తాం, అతనితో పాటే తప్పుతాం. తెర మీద లెక్కను చూపించలేరు. లెక్క వేస్తున్న మనిషి ముఖాన్నే చూపించగలరు. వాట్నీగా వేసిన మ్యాట్ డేమన్ ముఖం ఆ పని చాలా బాగా చేసింది, కాదనను.

క్లాసులో నేనిచ్చిన లెక్క ఇది, మీరూ చెయ్యండి. 32 గ్రాముల హైడ్రాజీన్‌లో 4 గ్రాముల హైడ్రోజన్ ఉంటుంది. ఆ 4 గ్రాములు 36 గ్రాముల నీరవుతాయి. అంటే కిలో ఇంధనానికి కిలో నూట పాతిక గ్రాముల నీరు. పేపరు మీద ఇంత సుళువు. చేతిలోకి వస్తే హైడ్రాజీన్ విషం, ఉత్ప్రేరకం మీద అది విడిపోయేటప్పుడు అమ్మోనియా కూడా పుడుతుంది. హైడ్రాజీన్ మనకు మరీ పరాయి పదార్థమేమీ కాదు. ఉపగ్రహాలను కక్ష్యలో అటూ ఇటూ జరపడానికి వాడేది ఇదే. దీని బంధువైన హైడ్రాజీన్ హైడ్రేట్‌ను తయారుచేసే పద్ధతి మీద మన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ పనిచేసింది. ఈ మాట చెప్పగానే వెనక బెంచీల వాళ్లు కూడా తలెత్తేవారు.

ఇక సైన్సు తప్పుల విషయం. మీ స్నేహితుల మాట సగమే నిజం. అందరూ ఎత్తిచూపే పెద్ద తప్పు, మొదట్లో వచ్చే తుపాను, నవలలోనే ఉంది. సినిమా దాన్ని వారసత్వంగా తీసుకుంది. నవలలో గాలి వేగం గంటకు 175 కిలోమీటర్లు. అంగారకుడి మీద వాతావరణ పీడనం మన దగ్గరి పీడనంలో ఒక శాతం కూడా ఉండదు. గాలి బరువు చూస్తే అక్కడ ఘనమీటరుకు సుమారు 20 గ్రాములు, ఇక్కడ 1,200 గ్రాములు. అరవయ్యో వంతు అన్నమాట. గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 60కి వర్గమూలం తీయండి, 7.7 వస్తుంది. 175ను దానితో భాగిస్తే 23కు కాస్త తక్కువ. అంటే రాకెట్‌ను పడదోస్తుందని భయపడి బృందమంతా పారిపోయిన ఆ తుపాను, ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం కాస్త గట్టిగా వీచే గాలితో సమానం. రచయితకు ఇది తెలియక కాదు. మనిషి మీద ప్రకృతే మొదటి దెబ్బ కొట్టాలన్న కోరికతో తెలిసే రాశానని ఆయనే ఒప్పుకున్నాడు. కథ మొదలవడానికి ఒక అబద్ధం, ఆ తరవాత వీలైనంత నిజం. ఈ ఒప్పందం నాకు సమ్మతమే.

మట్టి సంగతి వేరు. అంగారకుడి మట్టిలో పెర్క్లోరేట్లనే లవణాలున్నాయని ఫీనిక్స్ వ్యోమనౌక 2008లో కనిపెట్టింది. అవి థైరాయిడ్‌కు చేటు. ఆ మట్టిలో నేరుగా పండించుకు తిన్న బంగాళదుంప ఒంటికి మంచిది కాదు. నీళ్లతో కడిగితే చాలావరకు పోతాయి గానీ, కడగడానికి నీళ్లేవి?

సినిమా తనంతట తానుగా చేర్చుకున్న తప్పు ఇంకొకటి ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. గుడారం తలుపు గది ఊడి ఎగిరిపోయాక, ఆ పెద్ద రంధ్రాన్ని వాట్నీ ప్లాస్టిక్ పట్టాతో మూసి టేపు చుడతాడు. ఆ రాత్రి లోపల కూర్చుని, మిగిలిన దుంపలు లెక్కపెట్టుకుంటూ ఉంటే ఆ పట్టా గాలికి కొట్టుకుంటూ ఉంటుంది. గుండె దడదడలాడే సీను. కాని లోపల మనం పీల్చే గాలి, బయట దాదాపు శూన్యం. లోపలి పీడనం మన నేల మీద ఉన్నంత ఉంటే చదరపు మీటరుకు పది టన్నుల తోపు. మూడో వంతుకు దించినా మూడు టన్నులకు పైనే. టేపు మాట దేవుడెరుగు, ఆ పట్టా కొట్టుకోవడం అనేదే ఉండదు. ఉంటే డప్పు చర్మంలా బిగదీసుకుని బయటికి పొంగి ఉండాలి. శాస్త్రం ఓడింది, సీను గెలిచింది. ఆ చప్పుడు లేకపోతే ఆ మనిషికీ చావుకూ మధ్య ఎంత పలచని అడ్డు ఉందో చూసేవాడి ఒంటికి తెలియదు.

ఇదే ప్రమాదాన్ని నవల చెప్పే తీరు నాకు ఇంకా ఇష్టం. పుస్తకం చాలా వరకు వాట్నీ రాసుకునే దినచర్య. ‘రాస్తున్నాడు కాబట్టి బతికే ఉన్నాడు’ అనే ధీమా మనకు అలవాటైపోతుంది. సరిగ్గా అప్పుడు, చెప్పాపెట్టకుండా ఇంకెవరిదో గొంతు మొదలవుతుంది. ఆ గొంతు వాట్నీ గురించి మాట్లాడదు. గుడారానికి వాడిన ఒక గుడ్డ ముక్క గురించి చెబుతుంది. దాన్ని ఎలా తయారుచేశారు, ఎక్కడ అతికారు, రోజూ తలుపు వాడకంతో దాని పోగులు ఎలా అలసిపోయాయి. ఎంతో తీరికగా, కర్మాగారం నివేదికలా సాగుతుంది. వాట్నీకి తెలియనిది మనకు తెలిసిపోతోందని అర్థమయ్యేసరికి చేతులు చల్లబడతాయి. తెర మీద దీనికి సాటి వచ్చే సీను లేదు. సినిమాలో తలుపు గది ఉన్నట్టుండి పేలిపోతుంది. ఉలిక్కిపడతాం, అంతే. గుడ్డ ముక్క చేత భయపెట్టడం అక్షరానికే చేతనవుతుంది.

ఇప్పుడు అసలు సంఘటన. వాట్నీ ఎడారిలోంచి పాత పాత్‌ఫైండర్‌ను తవ్వి తీస్తాడు కదా. అది నిజంగా 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన నౌకే, ఆ సెప్టెంబరులో మూగబోయింది. దాని కెమెరాను తిప్పుతూ భూమి అతనితో మాట్లాడే పద్ధతి రెండింటిలోనూ ఒకటే. 26 ఇంగ్లీషు అక్షరాలకూ ఒక ప్రశ్నార్థకానికీ అట్టలు పెడితే ఒక్కోదానికి 13 డిగ్రీలే వస్తాయి, కెమెరా ఏ అట్టను చూస్తోందో తేల్చుకోవడం కష్టం. అందుకే కంప్యూటర్ల పదహారు అంకెల పద్ధతికి మారతాడు. పదిహేడు అట్టలు, ఒక్కోదానికి 21 డిగ్రీలు, ఇంగ్లీషు అక్షరానికి రెండేసి అంకెలు. మా సాఫ్ట్‌వేర్ పిల్లలకు నేను వేసే ప్రశ్న: వాట్నీ తెలుగువాడై ఉంటే? యూనికోడ్‌లో ‘అ’ కావాలంటే సున్నా, సి, సున్నా, అయిదు అని నాలుగు అంకెలు కావాలి. ‘లక్ష్మి’ అనే పేరు లోపల ఏడు సంకేతాలు. కెమెరా ఇరవై ఎనిమిది సార్లు తిరగాలి. అదే పేరు ఇంగ్లీషులో అయితే పద్నాలుగుతో సరి. (గచ్చిబౌలిలో ఎవరో ఒకరు దీనికి పొట్టి సంకేతపట్టిక కట్టేస్తారు లెండి.)

సినిమాలో ఆ పాత్‌ఫైండర్ పుణ్యమా అని ఏర్పడ్డ మాటల దారి తెగకుండా నడుస్తుంది. నవలలో తెగిపోతుంది. దూరప్రయాణం కోసం రోవర్‌ను మార్చే పనిలో డ్రిల్లును బల్లకు ఆనిస్తాడు వాట్నీ. కరెంటు పోకూడని దారిలో పోయి పాత్‌ఫైండర్ సర్క్యూట్లు మాడిపోతాయి. తుపానూ కాదు, విధీ కాదు, అలసిన మనిషి ఒక పనిముట్టును పెట్టకూడని చోట పెట్టాడు. అక్కడి నుంచి నెలల తరబడి, 3,200 కిలోమీటర్ల ప్రయాణం పొడవునా, భూమి నుంచి అతనికి ఒక్క మాట అందదు. అతను రాళ్లు పేర్చి మోర్స్ సంకేతాల్లో రాసింది ఉపగ్రహాలు చూస్తాయి. జవాబు చెప్పే దారి లేదు.

దీని ఫలితం ఎంతటిదో చూడండి. దారిలో ఒక ధూళి తుపాను అతనికి అడ్డం వస్తుంది. అది మనిషిని ఎగరేసే తుపాను కాదు, శాస్త్రం ఒప్పుకునే తుపాను. ఆకాశం నెమ్మదిగా మసకబారుతుంది, సౌరఫలకాలకు వెలుగు తగ్గుతుంది. లోపలికి వెళ్లిపోయాక గుర్తిస్తే బ్యాటరీలు నిండక బండి అక్కడే ఆగిపోతుంది. భూమి మీద ఉపగ్రహ చిత్రాల్లో అందరికీ అది కనబడుతూనే ఉంటుంది. ‘అటు వెళ్లకు’ అని చెప్పలేక చేతులు నలుపుకుంటారు. వాట్నీకి తోచిందల్లా రోజూ ఫలకాల నుంచి వచ్చే కరెంటు కొంచెం కొంచెం తగ్గుతోందని. కారణం ఊహిస్తాడు. కొన్ని సౌరఫలకాలను దూరదూరంగా వదిలి, ఏ చోట వెలుగు ఎక్కువ తగ్గిందో పోల్చి చూసి, తుపాను ఏ వైపు ఉందో తేల్చుకుని దక్షిణానికి మళ్లుతాడు. నవల మొత్తంలో నాకు ఎక్కువ నచ్చిన ఘట్టం ఇదే. ఇందులో పేలుళ్లు లేవు, నేపథ్య సంగీతానికి పని లేదు. అంకెలు తగ్గుతుంటే అనుమానించే బుద్ధి ఒక్కటే ఉంది. గమ్యం దగ్గరపడ్డాక షియాపరెల్లి లోయలోకి దిగే వాలులో రోవర్ బోల్తా కొట్టడం కూడా సినిమాలో లేదు.

సినిమాలో ఈ ప్రయాణమంతా కొన్ని అందమైన దృశ్యాల మాలిక. బండి పోతుంది, సూర్యుడు దిగుతాడు, సంగీతం వస్తుంది. నష్టం ఏమిటంటే, సినిమా వాట్నీ చివరిదాకా భూమి ఆదేశాలు అందుకుని పాటించే నేర్పరి ఉద్యోగి. నవలలో వాట్నీ నాసా సలహాలకు విసుక్కుంటాడు, తరవాత ఆ సలహాలే లేకుండా పోతే సొంత బుద్ధి మీద ఎడారి దాటుతాడు. మొదటిది నలుగురూ కలిసి ఒకణ్ణి కాపాడిన కథ. రెండోది కాపాడేవాళ్లు చేరుకునే చోటికి ఒకడు తనంతట తాను నడిచివచ్చిన కథ కూడా. గొడార్డ్ ఎందుకు తీసేశాడో అర్థమవుతుంది. రెండు గంటలు దాటాక ప్రేక్షకుడి చూపు అంతరిక్షనౌక వైపు తిరిగి ఉంటుంది, అప్పుడు హీరోను మళ్లీ మూగవాణ్ణి చేస్తే కథ వెనక్కి పోయినట్టుంటుంది. వృత్తి తెలిసినవాడి నిర్ణయమే అది. అయినా నాకు మనసు ఒప్పదు.

సినిమా పైచెయ్యి సాధించిన చోట్లు లేవా అంటే, ఉన్నాయి, గట్టివే ఉన్నాయి. వీర్‌కు మనుషులను రాయడం అంతగా రాదు. భూమి మీద నాసా వాళ్లందరూ ఒకే మనిషి రకరకాల కుర్చీల్లో కూర్చున్నట్టు మాట్లాడతారు. అంగారకుడు ఎలా ఉంటాడో కూడా నవల చెప్పిందానికన్నా, జోర్డాన్‌లోని వాదీ రమ్ ఎడారిలో తీసిన దృశ్యాలు ఎక్కువ చెబుతాయి. ఆ ఎర్రటి విశాలంలో చీమంత మనిషి కనబడగానే ఒంటరితనం గురించి వేరే మాట అక్కర్లేదు. నవల వాట్నీ ఆ మాట ఎత్తేది అరుదు. నిజానికి అతని జోకులు చాలా చోట్ల కవచాలు. తన దినచర్యను ఎవరో ఒకరోజు చదువుతారని తెలిసినవాడు ఏడుపును అందులో రాయడు. సినిమా ఆ కవచం వెనక్కి వెళ్లింది. ఎండిపోయి, పుండ్లు పడ్డ అతని ఒళ్లు ఒకే ఒక్కసారి వెనక నుంచి కనబడుతుంది. రాకెట్ పైకి లేవబోయే ముందు కుర్చీలో కట్టుకుని కూర్చున్నప్పుడు గొంతు పూడుకుపోతుంది. ఈ రెండూ నవలలోని ఎన్నో పుటల చమత్కారం కన్నా బరువైనవి.

అన్నట్టు, నవలలో నాసా అధికారి పేరు వెంకట్ కపూర్. మన ఊళ్లో ఈ పేరు చెబితే, నాన్నది ఏ ఊరు, అమ్మది ఏ ఊరు అని ముందు ఆరా తీస్తారు. సినిమాలో ఆయన విన్సెంట్ కపూర్ అయ్యాడు, నల్లజాతి నటుడు చివెటెల్ ఎజియోఫోర్ వేశాడు. తండ్రి హిందువు, తల్లి బాప్టిస్టు అని ఒక మాట కలిపి సర్దుకున్నారు. భారతీయ పాత్ర పోయిందని అప్పట్లో విమర్శలు వచ్చాయి. న్యాయమైన విమర్శే. నటుడి మీద మాత్రం నాకు ఫిర్యాదు లేదు. పోతే, చైనా రాకెట్ సాయం చెయ్యడం అక్కడి మార్కెట్ కోసం సినిమావాళ్లు ఇరికించారని చాలామంది అంటారు. అది తప్పు. నవలలోనే ఉంది, అందుకు బదులుగా తమ వ్యోమగామికి తరవాతి యాత్రలో చోటు అడగడంతో సహా.

ముగింపు దగ్గర సినిమా నన్ను నిరాశపరిచింది. గ్లవ్‌కు చిల్లు పెట్టుకుని, దూసుకొచ్చే గాలి తోపుతో ఐరన్ మ్యాన్‌లా ఎగిరి వస్తానని నవలలో వాట్నీ అంటాడు. కమాండర్ లూయిస్ ఆ మాట కొట్టిపారేస్తుంది. అది జోకుగా మిగిలిపోయి, ఇంకో మంచి ఉపాయానికి విత్తనమవుతుంది: నౌక తలుపును పేల్చి, ఆ గాలి తోపుతో నౌక వేగాన్నే తగ్గించడం. సినిమాలో తలుపూ పేలుస్తారు, వాట్నీ కూడా నిజంగా ఎగిరేస్తాడు. చేతి దగ్గర తోపు పుడితే మనిషి బొంగరంలా తిరుగుతాడే గానీ గురి చూసుకుని ముందుకు పోడు. అన్ని లెక్కలు జాగ్రత్తగా వేసుకుంటూ వచ్చిన కథ ఆఖరి పది నిమిషాల్లో లెక్కను గాలికి వదిలేసింది. నవలలో అతణ్ణి పట్టుకునేది సహచరుడు బెక్. సినిమాలో లూయిస్ స్వయంగా బయటికి వస్తుంది. ఈ మార్పు మాత్రం సబబైనదే. వదిలేసి వచ్చిన అపరాధభావం ఆమెది, తిరిగి పట్టుకునే చెయ్యి ఆమెదే కావడం నాటకం తెలిసినవాళ్ల పని. కాని కమాండర్ నౌకను వదిలి బయటికి రావచ్చా అని మా క్లబ్బులో ఇప్పటికీ తగాదా ఉంది.

సినిమా పూర్తిగా దాటవేసిన చీకటి ఒకటి ఉంది. వాట్నీ కోసం అంగారకుడి వైపు తిరిగి వస్తున్న నౌకకు భూమి నుంచి సరుకులు అందకపోతే ఏం చేస్తారు? నవలలో దానికి ఒక ఏర్పాటు ఉంటుంది: అయిదుగురిలో నలుగురు చనిపోవాలి, అందరిలో చిన్నదైన జొహాన్సెన్ బతకాలి. ఏం తిని బతకాలో ఆమె తన తండ్రికి చెప్పే సంభాషణ చాలా చిన్నది. చదివాక కాసేపు పుస్తకం మూసేశాను. కుటుంబాలు కలిసి చూసే సినిమాలో దీనికి చోటు ఉండదు. దీని ఊసే లేకపోవడంతో ఆ అయిదుగురూ వెనక్కి తిరగడానికి ఒప్పుకోవడం సినిమాలో కాస్త సులభంగా అయిపోయినట్టు కనిపిస్తుంది.

మీ నిదానపు ఇంగ్లీషు గురించి బెంగ పెట్టుకోకండి. దినచర్య భాష కాబట్టి వాక్యాలు చిన్నవి, మాట్లాడినట్టే ఉంటాయి. మొదటి వాక్యంలోనే బూతు ఉంటుంది, అది మీకు ఇబ్బందైతే బడిపిల్లల కోసం బూతులు తీసేసి వేసిన ప్రతి కూడా వచ్చింది. కాగితం, పెన్సిలు పక్కన పెట్టుకోండి. నీళ్ల లెక్కను, కెమెరా అట్టల లెక్కను దాటెయ్యకండి. నాసా సమావేశాల పుటలు పైపైన చదివినా కొంపలేమీ మునగవు. డ్రిల్లు దగ్గరికి వచ్చాక మాత్రం ఒక్క పేరా కూడా వదలకండి, అక్కడి నుంచి అంతా మీకు కొత్తే.

ఇక నిడివి పెంచిన ప్రతి. అందులో సుమారు పది నిమిషాలు అదనం. ఉన్న సీన్లకే అక్కడక్కడ పొడిగింపులు. డ్రిల్లు పొరపాటు గానీ, ధూళి తుపాను గానీ, రోవర్ బోల్తా గానీ అందులోనూ లేవు. సినిమా మళ్లీ చూడాలనిపిస్తే ఆ ప్రతి చూడండి, నవలకు బదులుగా మాత్రం కాదు.